ప్రభుత్వ ఉద్యోగులకు మంత్రి ఎవరు? సాధారణ పరిపాలన శాఖ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

కొత్త మంత్రివర్గం ప్రమాణం చేశాక ఒకటి రెండు రోజుల్లో పేపర్లో శాఖల జాబితా వస్తుంది. అందరూ ముందు తమ జిల్లా మంత్రికి ఏం దక్కిందో వెతుక్కుంటారు. ముఖ్యమంత్రి పేరు ఎదురుగా ఉండే లైనును ఎవరూ పెద్దగా చదవరు: "సాధారణ పరిపాలన, శాంతిభద్రతలు, ఎవరికీ కేటాయించని శాఖలు". ఆ మొదటి రెండు మాటల గురించే ఈ పేజీ. సచివాలయంలో దాన్ని జీఏడీ (జనరల్ అడ్మినిస్ట్రేషన్ డిపార్ట్‌మెంట్) అంటారు. ఇక్కడా అదే మాట వాడతాను.

ప్రశ్న: టీచర్లకు విద్యాశాఖ మంత్రి, నర్సులకు ఆరోగ్యశాఖ మంత్రి ఉన్నారు. మొత్తం ఉద్యోగులందరికీ కలిపి ఒక మంత్రి ఉంటారా?

ఆ పేరుతో ఎవరూ ఉండరు. ఆ పని ఉన్నది జీఏడీలో, ఆ శాఖ ఉండేది ముఖ్యమంత్రి దగ్గర. తెలంగాణలో 2023 డిసెంబరులో శాఖలు పంచినప్పుడు రేవంత్ రెడ్డి దాన్ని తన దగ్గరే పెట్టుకున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూన్‌లో చంద్రబాబు నాయుడూ అంతే. పార్టీలు మారినా ఈ అలవాటు మారదు.

దేశమంతా ఇలాగే ఉందని కాదు. పొరుగున తమిళనాడులో 2021లో ఈ శాఖకు 'మానవ వనరుల నిర్వహణ' అని పేరు మార్చి, ఆర్థిక మంత్రిగా ఉన్న పళనివేల్ త్యాగరాజన్‌కే అప్పగించారు. ఆస్ట్రేలియాలో కొన్ని రాష్ట్రాల్లో పబ్లిక్ సెక్టర్ మంత్రి అని విడిగా పదవే ఉంటుంది. మన దగ్గర ఆ మాట ఎత్తే సాహసం ఏ ముఖ్యమంత్రీ చేయలేదు.

ప్రశ్న: ముఖ్యమంత్రి దాన్ని ఎందుకు వదలరు?

ఆ శాఖలో ఏముందో చూస్తే తెలుస్తుంది. ఐఏఎస్‌ల పోస్టింగులు అక్కడే. ఏ జిల్లాకు ఎవరు కలెక్టరో చెప్పే ఉత్తర్వు అక్కడి నుంచే. అవినీతి నిరోధక శాఖ, విజిలెన్స్ అండ్ ఎన్‌ఫోర్స్‌మెంట్ దాని కిందికే వస్తాయి. ఇవన్నీ ఇంకో మంత్రి చేతిలో ఉన్నాయనుకోండి. మిగతా మంత్రులందరి కార్యదర్శులను మార్చగలిగేది ఆయనే అవుతాడు. ఒకే సచివాలయంలో రెండో ముఖ్యమంత్రి తయారైనట్టే.

చట్టం మాత్రం ముఖ్యమంత్రి దగ్గరే ఉండాలని ఎక్కడా చెప్పదు. రాజ్యాంగంలో 166వ అధికరణం మూడో క్లాజు ప్రకారం గవర్నరు బిజినెస్ రూల్స్ చేస్తారు, పనిని మంత్రుల మధ్య పంచుతారు. ఆ పంపకం ముఖ్యమంత్రి సలహా మీద జరుగుతుంది. అంటే పంచేదీ ఆయనే, ముందు ముక్క తీసుకునేదీ ఆయనే.

ఢిల్లీలోనూ ఇదే పద్ధతి. సిబ్బంది, ప్రజా ఫిర్యాదులు, పెన్షన్ల మంత్రిత్వ శాఖ ప్రధానమంత్రి దగ్గరే ఉంటుంది, కింద ఒక సహాయ మంత్రి ఉంటారు. 2014 నుంచి ఆ సహాయ మంత్రి జితేంద్ర సింగ్. రాష్ట్రాల్లో ఆ సహాయ మంత్రి కూడా లేరు. రోజువారీ పనంతా ప్రధాన కార్యదర్శి, అంటే సీఎస్ మీద నడుస్తుంది.

ప్రశ్న: జీఏడీలో ఏమేం పనులు జరుగుతాయి?

పేరు చూస్తే ఏ శాఖకూ చెందని చిల్లర పనుల గది అనిపిస్తుంది. కొంత నిజమే. ఏటా సెలవుల జాబితా జీవో ఇచ్చేది ఇక్కడే. నెలవంక కనపడక రంజాన్ సెలవు ఒకరోజు జరిగినా ఉత్తర్వు ఇక్కడి నుంచే రావాలి. ప్రముఖులు వస్తే ప్రోటోకాల్ కూడా వీళ్లదే.

అసలు బరువు సర్వీసెస్ విభాగంలో ఉంది. ఉద్యోగి ప్రవర్తనకు 1964 నాటి కాండక్ట్ రూల్స్, శిక్షలకు 1991 నాటి సీసీఏ రూల్స్, నియామకాలకు, సీనియారిటీకి 1996 నాటి రాష్ట్ర, సబార్డినేట్ సర్వీస్ రూల్స్. రాజ్యాంగంలోని 309వ అధికరణం కింద వచ్చిన ఈ మూడు పుస్తకాలే ఉద్యోగి బతుకుకు సరిహద్దులు. వీటికి అర్థం చెప్పాల్సి వస్తే ఏ శాఖైనా జీఏడీకి ఫైలు పంపాల్సిందే.

అక్కడ ఎస్‌పీఎఫ్ అని ఒక సెక్షన్ పేరు వినపడుతుంది. కొత్తవాళ్లు అదేదో భద్రతా దళం అనుకుంటారు. అది సిక్స్ పాయింట్ ఫార్ములా. ఉద్యోగాల్లో స్థానికులకు ప్రాధాన్యం ఇవ్వాలన్న 1973 నాటి ఆరు సూత్రాల ఒప్పందం సెక్షన్ పేరుగా స్థిరపడిపోయింది.

ప్రశ్న: జీఏడీ చేతిలో ఉంటే ముఖ్యమంత్రి ఏ ఉద్యోగి విషయంలోనైనా ఏ ఆర్డరైనా వేయించగలరా?

కాగితం మీద ఏ జీవో అయినా గవర్నరు పేరు మీదే వస్తుంది. కింద సంతకం కార్యదర్శిది. మంత్రి సంతకం జీవో మీద ఉండదు, నోట్ ఫైల్లో ఉంటుంది. ఆ నోట్ ఫైలు ఏ దారిలో వెళ్లాలో, ఏది సీఎస్ ద్వారా ముఖ్యమంత్రికి చేరాలో బిజినెస్ రూల్స్ చెబుతాయి.

ఈ దారి గొడవ ఎంత దూరం పోతుందో 2019 నవంబరులో అమరావతిలో చూశాం. జీఏడీ పొలిటికల్ విభాగం ముఖ్య కార్యదర్శి బిజినెస్ రూల్స్ పాటించలేదని సీఎస్ ఎల్.వి. సుబ్రహ్మణ్యం ఆయనకు షోకాజ్ నోటీసు ఇచ్చారు. రోజుల వ్యవధిలో, నవంబరు 4న, సీఎస్‌నే బాపట్లలోని మానవ వనరుల అభివృద్ధి సంస్థకు డైరెక్టర్ జనరల్‌గా బదిలీ చేస్తూ జీవో వచ్చింది. దాని మీద సంతకం ఎవరిదనుకున్నారు? నోటీసు అందుకున్న అధికారిదే. రూల్సు పుస్తకం సీఎస్ చేతిలో ఉండొచ్చు, శాఖ మాత్రం ముఖ్యమంత్రిది. సచివాలయంలో చాలామందికి ఆ రోజు అదే పాఠం.

ప్రశ్న: బదిలీ కావాలి. మంత్రి దగ్గరికి వెళ్లాలా, జీఏడీకి వెళ్లాలా?

మామూలు ఉద్యోగికి జీఏడీతో పని లేదు. మీ బదిలీ ఉత్తర్వు వేసేది మీ శాఖలో అధికారం ఉన్న అధికారి. జిల్లా కేడర్ అయితే జిల్లాలోనే, జోనల్ అయితే పైన. అయితే ఆ అధికారి కూడా ఇష్టం వచ్చినప్పుడు వేయలేరు. ఏడాదిలో ఎక్కువ కాలం బదిలీలపై నిషేధం ఉంటుంది. దాన్ని పెట్టేదీ, వేసవి చివర్లో కొద్దిరోజులు ఎత్తేదీ ఆర్థిక శాఖ. బదిలీ ఖర్చు ఖజానాది కాబట్టి ఆ తాళం వాళ్ల దగ్గర ఉండిపోయింది.

ఇక ఎమ్మెల్యే సిఫార్సు లేఖ సంగతి. నాకు వచ్చే ప్రశ్నల్లో సగం దీని గురించే. కాండక్ట్ రూల్స్ ప్రకారం తన సర్వీసు విషయంలో పై అధికారుల మీద బయటి పలుకుబడి తేవడం తప్పు. దానిమీద చర్య కూడా తీసుకోవచ్చు. అదే సమయంలో బదిలీల సీజన్లో మంత్రుల పేషీల ముందు ఉండే రద్దీ అందరికీ తెలిసిందే. రూలు ఉందని అందరికీ తెలుసు, లేఖ లేకపోతే పని కాదని కూడా అందరికీ తెలుసు. నేనైతే ఒక్కటే చెబుతాను. భార్యాభర్తల కేసో, ఆరోగ్య కారణమో, పిల్లల వైకల్యమో ఉంటే ఆ సర్టిఫికెట్ జతచేసి మీ దరఖాస్తు సరైన మార్గంలో పెట్టండి. లేఖ పోయినా కాగితం మిగులుతుంది. రేపు కోర్టులో పనికొచ్చేది ఆ కాగితమే.

ప్రశ్న: పీఆర్సీ, డీఏ, పెన్షన్ సంగతి? అవి కూడా జీఏడీయేనా?

కాదు. డబ్బుతో ముడిపడినవన్నీ ఆర్థిక శాఖవి. కొత్త పోస్టు మంజూరు కూడా వాళ్ల కన్కరెన్స్, అంటే సమ్మతి, లేకుండా జరగదు. 2004 సెప్టెంబరు 1 తర్వాత చేరినవాళ్లను పాత పెన్షన్ నుంచి సీపీఎస్‌లోకి, అంటే ఉద్యోగి కూడా వాటా కట్టే పెన్షన్ పథకంలోకి, మార్చింది కూడా ఆ వైపు నుంచే.

అయితే ఇక్కడ ఒక తమాషా ఉంది. లెక్క ఆర్థిక శాఖ కడుతుంది, ప్రకటన మాత్రం ఎప్పుడూ ముఖ్యమంత్రే చేస్తారు. ఉమ్మడి రాష్ట్రంలో వేసిన పదో పీఆర్సీ, అంటే వేతన సవరణ కమిషన్, 29 శాతం ఫిట్‌మెంట్ (మూల వేతనం మీద పెంపు) చాలంది. 2015 ఫిబ్రవరిలో తెలంగాణలో కేసీఆర్ 43 శాతం అన్నారు, కొద్దిరోజులకే ఆంధ్రప్రదేశ్‌లో చంద్రబాబూ అదే 43 అన్నారు. 2021లో బిస్వాల్ కమిషన్ 7.5 శాతం దగ్గర ఆగింది, కేసీఆర్ శాసనసభలో 30 ప్రకటించారు. ఆంధ్రప్రదేశ్‌లో సీఎస్ కమిటీ 14.29 శాతం సిఫార్సు చేస్తే 2022 జనవరిలో జగన్‌మోహన్ రెడ్డి 23 ఇచ్చారు. కమిటీ ముందు తక్కువ అంకె చెబుతుంది, ఉద్యోగులు మండిపడతారు, ముఖ్యమంత్రి పెద్దమనసుతో పెంచుతారు. పెళ్లిలో కట్నం బేరం చివర మేనమామ వచ్చి సర్దినట్టు.

2022లో మాత్రం ఈ కథ అడ్డం తిరిగింది. అప్పటికే 27 శాతం మధ్యంతర భృతి అందుకుంటున్నవాళ్లకు 23 శాతం ఫిట్‌మెంట్ అంటే చేతికొచ్చేది తగ్గుతుంది. దానికి ఉద్యోగులు 'రివర్స్ పీఆర్సీ' అని పేరు పెట్టారు. ఫిబ్రవరి 3న ఛలో విజయవాడ అంటే పోలీసు అడ్డంకులు దాటుకుని వేలమంది బీఆర్‌టీఎస్ రోడ్డు మీదికి వచ్చేశారు. ఆ తర్వాత రోజుల్లో మంత్రుల కమిటీ సంఘాలతో కూర్చుంది, సమ్మె ఆగింది. ఇలాంటి చర్చల్లో ఉద్యోగుల ముందు కూర్చునేది ఎప్పుడూ కమిటీయే. పొగడ్త వచ్చే రోజున శాఖ ముఖ్యమంత్రిది, తిట్లు తినే రోజున కమిటీది.

ప్రశ్న: రిటైర్మెంట్ వయసు ఎవరు నిర్ణయిస్తారు? ఆంధ్రాలో 62, తెలంగాణలో 61 ఎందుకు?

శాసనసభ చట్టం ద్వారా. అందుకే రెండు రాష్ట్రాలకు రెండు అంకెలు. విడిపోయినప్పుడు రెండుచోట్లా 58. ఆంధ్రప్రదేశ్ 2014లో 60 చేసింది, 2022 జనవరి నుంచి 62 చేసింది. తెలంగాణ 2021లో ఒకేసారి 61కి వెళ్లింది.

ఈ అంకెల వెనక ఒక పాత గాయం ఉంది, దాన్ని కాస్త వివరంగా చెప్పాలి. 1983లో అధికారంలోకి వచ్చిన నెల తిరక్కుండానే ఎన్టీఆర్ ప్రభుత్వం 58ని 55 చేసింది. నిరుద్యోగ యువతకు చోటివ్వాలన్నది కారణం. ఫిబ్రవరి 8న ఉత్తర్వు, 28న అమలు. యాభై అయిదు దాటి ఇంకా మూడేళ్లు ఉందనుకుని కూతురి పెళ్లి, ఇంటి అప్పు లెక్కలు వేసుకున్న వేలమంది మూడు వారాల్లో ఇంటికొచ్చేశారు. అప్పట్లో ఆ కుటుంబాల్లో ఉన్నవాళ్లకు ఆ ఫిబ్రవరి ఇప్పటికీ గుర్తుంటుంది.

కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. కె. నాగరాజు కేసులో 1985 జనవరిలో కోర్టు, వయసు నిర్ణయం ప్రభుత్వ విధానం, తగ్గించడం చెల్లుతుంది అని తేల్చింది. కానీ ఆ తీర్పు వచ్చేలోపే కథ మారిపోయింది. 1984 ఆగస్టులో మధ్యలో వచ్చిన నాదెండ్ల భాస్కరరావు ప్రభుత్వం మళ్లీ 58 చేసింది. మరి 1983 ఫిబ్రవరి 28కీ 1984 ఆగస్టు 23కీ మధ్య ఇంటికి పోయినవాళ్ల గతేంటి? వాళ్లకు వర్తించదన్నారు. దాంతో రెండో కేసు, బి. ప్రభాకరరావు కేసు. ఈసారి సుప్రీంకోర్టు ఉద్యోగుల వైపు నిలిచింది. మధ్యలో పడినవాళ్లను మాత్రం వదిలేయడం సమానత్వానికి విరుద్ధం అంది.

ఈ రెండు తీర్పులూ కలిపి చదివితేనే విషయం బోధపడుతుంది. వయసు తగ్గించే అధికారం ప్రభుత్వానికి ఉంది, కొందరిని ఏరి పక్కన పెట్టే అధికారం లేదు. ఇప్పుడు పెంచినప్పుడల్లా నిరుద్యోగులు రోడ్డెక్కుతున్నారంటే వాళ్ల కోణమూ కాదనలేనిదే. ఒక రిటైర్మెంట్ రెండేళ్లు వెనక్కి జరిగితే ఒక ఖాళీ రెండేళ్లు వెనక్కి జరిగినట్టు.

ప్రశ్న: ఐఏఎస్‌లు కూడా పూర్తిగా ముఖ్యమంత్రి చేతిలోనే ఉంటారా?

పోస్టింగు వరకు. కేడరు కేంద్రానిది. ఐఏఎస్‌కు ఢిల్లీలోని సిబ్బంది శాఖ, ఐపీఎస్‌కు కేంద్ర హోం శాఖ, అటవీ సర్వీసుకు పర్యావరణ శాఖ. రాష్ట్రం ఎక్కడికైనా వేయగలదు, సస్పెండ్ చేయగలదు, ఉద్యోగం నుంచి మాత్రం తీసేయలేదు.

తెలంగాణ సీఎస్ సోమేశ్ కుమార్ ఉదంతం చూడండి. రాష్ట్ర విభజనలో ఆయన్ని ఆంధ్రప్రదేశ్‌కు కేటాయించారు. కేంద్ర పరిపాలనా ట్రైబ్యునల్ (క్యాట్) ఉత్తర్వుతో తెలంగాణలో కొనసాగి సీఎస్ దాకా వచ్చారు. 2023 జనవరి 10న తెలంగాణ హైకోర్టు ఆ క్యాట్ ఉత్తర్వును కొట్టేసింది. అదే రోజు కేంద్రం ఆయన్ని రిలీవ్ చేసింది, మర్నాడు శాంతికుమారి సీఎస్ అయ్యారు. రాష్ట్రంలో అందరికీ పోస్టింగులిచ్చే కుర్చీలో ఉన్న మనిషిని ముఖ్యమంత్రి ఒక్కరోజు కూడా ఆపలేకపోయారు.

సస్పెన్షన్‌కూ గీత ఉంది. ఆంధ్రప్రదేశ్ ఐపీఎస్ అధికారి ఏ.బి. వెంకటేశ్వరరావును 2020 ఫిబ్రవరిలో సస్పెండ్ చేశారు. రెండేళ్లు దాటాక అది కొనసాగదని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. పోస్టింగు ఇచ్చిన కొద్దిరోజులకే మళ్లీ సస్పెన్షన్. చివరికి 2024 మే 31న ఉదయం ప్రింటింగ్, స్టేషనరీ కమిషనర్‌గా బాధ్యతలు తీసుకుని, సాయంత్రం రిటైరయ్యారు.

2013 అక్టోబరులో టి.ఎస్.ఆర్. సుబ్రమణియన్ కేసులో సుప్రీంకోర్టు రెండు మంచి మాటలు చెప్పింది. అధికారికి కనీస పదవీకాలం ఉండాలి, నోటిమాట ఆదేశాలను కాగితం మీద నమోదు చేయాలి. దాన్ని అనుసరించి కేంద్రం 2014లో కేడర్ రూల్స్ మార్చి రెండేళ్లు అంది. మన కలెక్టర్ల బదిలీల జాబితాలు చూస్తే ఆ రూలు ఎంత బలంగా ఉందో మీకే తెలుస్తుంది.

ప్రశ్న: గ్రూప్స్ పరీక్షలు ఆలస్యమైతే, పేపర్ లీకైతే జీఏడీ మంత్రిని అడగొచ్చా?

అడగొచ్చు, కానీ జవాబు పూర్తిగా ఆయన చేతిలో లేదు. ఎన్ని ఖాళీలు చూపించాలి, ఎన్ని నింపాలి అనేది ప్రభుత్వం పని. పరీక్ష పెట్టడం, ఎంపిక చేయడం సర్వీస్ కమిషన్ పని. కమిషన్ ఛైర్మన్‌ను, సభ్యులను గవర్నరు నియమిస్తారు, అంటే వాస్తవంలో ప్రభుత్వమే ఎంచుకుంటుంది. తొలగించడం మాత్రం రాష్ట్రం తరం కాదు. 317వ అధికరణం ప్రకారం సుప్రీంకోర్టు విచారణ తర్వాత రాష్ట్రపతి తొలగించాలి. ఆరేళ్లు లేదా 62 ఏళ్ల వయసు, ఏది ముందొస్తే అంతవరకు పదవి.

2022లో 503 పోస్టుల గ్రూప్-1కు తెలంగాణ కమిషన్ ప్రిలిమ్స్ పెట్టింది. 2023 మార్చిలో పేపర్ లీకు బయటపడి అది రద్దయింది. జూన్‌లో మళ్లీ పెడితే బయోమెట్రిక్ లోపాల వల్ల సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024లో కొత్త నోటిఫికేషన్‌తో మొదటికొచ్చింది. ఆ రెండేళ్లు కోచింగ్ సెంటర్ల గదుల్లో గడిపిన పిల్లల టెన్షన్‌కు ఏ శాఖా బాధ్యత తీసుకోలేదు. కమిషన్ స్వతంత్రం అని ప్రభుత్వం అంటుంది, సిబ్బందిని ఇవ్వలేదని కమిషన్ అంటుంది. ఆ రెండింటి మధ్య ఖాళీ జాగా ఎవరి శాఖ అన్నది నిజంగా అడగాల్సిన ప్రశ్న.

టీచర్ పోస్టుల డీఎస్సీ, పోలీసు నియామక మండలి వేరు. వాటికీ సర్వీస్ కమిషన్‌కూ సంబంధం లేదు.

ప్రశ్న: 610 జీవో, 317 జీవో అంటారు. అవి ఈ శాఖవేనా?

అవును, రెండూ జీఏడీవే. ఈ శాఖ నుంచి వచ్చిన వాటిలో జనం నోట నానిన అంకెలు ఈ రెండే.

ముల్కీ గొడవలు, 1969 తెలంగాణ ఉద్యమం, 1972 ఆంధ్ర ఉద్యమం తర్వాత ఆరు సూత్రాల ఒప్పందం వచ్చింది. దానికోసం రాజ్యాంగంలో 371డి చేర్చారు. 1975 అక్టోబరు 18న రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చి రాష్ట్రాన్ని ఆరు జోన్లు చేసింది. ఐదు, ఆరు జోన్లు తెలంగాణవి. ఆ జోన్లలో నిబంధనలు దాటి వేసిన స్థానికేతరులను వాళ్ల సొంత జోన్లకు పంపాలని 1985 డిసెంబరు 30న ఇచ్చిందే 610 జీవో. 1986 మార్చి 31 గడువు. గడువు పోయింది, ఏళ్లు పోయాయి, 2001లో గిర్‌గ్లానీ కమిషన్ వేశారు. అమలు కాని ఒక జీవో రాష్ట్ర ఉద్యమానికి నినాదమైంది. అమలై ఉంటే చరిత్ర వేరుగా ఉండేదా? నాకు సందేహమే, కానీ ఆ కోపానికి ఒక అంకె ఇచ్చింది మాత్రం ఆ జీవోయే.

తెలంగాణకు 2018లో కొత్త రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. ఏడు జోన్లు, రెండు మల్టీజోన్లు, 95 శాతం స్థానికులకే. ఉన్న ఉద్యోగులను కొత్త జిల్లాలకు సర్దడానికి 2021 డిసెంబరు 6న 317 జీవో ఇచ్చారు. స్థానికత కోసం కొట్లాడి తెచ్చుకున్న రాష్ట్రంలో, సీనియారిటీ లెక్కలో సొంత జిల్లా పోగొట్టుకున్న టీచర్లు ఆ జీవో ప్రతులు తగలబెట్టారు. భర్త ఒక జిల్లా, భార్య ఇంకో జిల్లా అయిన కేసులు కుప్పలుగా పడ్డాయి.

ప్రశ్న: కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ వాళ్లకు ఈ రూల్సు వర్తిస్తాయా?

చాలావరకు వర్తించవు. అసలు చిక్కంతా అక్కడే. ఉమ్మడి రాష్ట్రం 1994లో రెండో నంబరు చట్టం చేసి అడ్డదారి నియామకాలను నిషేధించింది. అప్పటికే ఉన్నవాళ్లకు 212 జీవోతో ఒక కిటికీ తెరిచింది. 1993 నవంబరు 25 నాటికి అయిదేళ్లు పూర్తయి ఉండాలి. 2006లో ఉమాదేవి కేసులో సుప్రీంకోర్టు ఆ కిటికీలన్నీ దాదాపు మూసేసింది.

అయినా ఎన్నికల ముందు కిటికీ మళ్లీ తెరుచుకుంటూనే ఉంటుంది. 2023 ఏప్రిల్ 30న కొత్త సచివాలయంలో తన సీట్లో కూర్చున్న రోజే కేసీఆర్ కాంట్రాక్టు ఉద్యోగుల క్రమబద్ధీకరణ ఫైలు మీద సంతకం చేశారు. 5,544 మంది రెగ్యులర్ అయ్యారు. ఆంధ్రప్రదేశ్‌లో అవుట్‌సోర్సింగ్ వాళ్ల కోసం 2020లో ఆప్కాస్ అనే కార్పొరేషన్ పెట్టారు. దళారీ ఏజెన్సీల బెడద తప్పిందని కొందరు, రెగ్యులర్ చేయకుండా ఉండేందుకు ఇంకో గోడ కట్టారని కొందరు అంటారు. రెండూ నిజమే అనుకుంటాను.

ప్రశ్న: సస్పెండ్ చేశారు. ఉద్యోగం పోయినట్టేనా?

కాదు. సస్పెన్షన్ శిక్ష కాదు, విచారణ అయ్యేదాకా పక్కన ఉంచడం. జీవన భృతి వస్తుంది. 48 గంటలు దాటి కస్టడీలో ఉంటే ఉత్తర్వు లేకపోయినా సస్పెండైనట్టే లెక్క.

ఉద్యోగం తీసేయాలంటే 311వ అధికరణం దాటాలి. మిమ్మల్ని నియమించిన అధికారి కంటే కింది అధికారి తీసేయకూడదు. అభియోగాలు చెప్పి, విచారణ జరిపి, మీ మాట వినాలి. క్రిమినల్ కేసులో శిక్ష పడినా, విచారణ ఆచరణలో సాధ్యం కాకపోయినా, దేశ భద్రత కారణమైనా మాత్రం విచారణ అక్కర్లేదు. చార్జ్ మెమో వస్తే కోపంతో చింపేయకండి, గడువులోగా రాతపూర్వకంగా జవాబివ్వండి. చాలామంది నష్టపోయేది తప్పు వల్ల కాదు, ఆ జవాబు ఇవ్వకపోవడం వల్ల.

అవినీతి కేసుల శాఖాపరమైన విచారణకు 1960 నాటి చట్టం కింద ఒక ట్రైబ్యునల్ పెట్టారు. ట్రైబ్యునల్ ఫర్ డిసిప్లినరీ ప్రొసీడింగ్స్. పొడి అక్షరాల్లో టీడీపీ. "నా కేసు టీడీపీకి పోయింది" అని ఎవరైనా బెంగగా చెబితే రాజకీయం అనుకోకండి.

ప్రశ్న: అన్యాయం జరిగితే ఏ కోర్టు?

ఇప్పుడు నేరుగా హైకోర్టు. ఇంతకుముందు పరిపాలనా ట్రైబ్యునల్ ఉండేది. 371డి కింద 1970ల్లో పెట్టినప్పుడు దానికి ఒక వింత షరతు ఉండేది. ట్రైబ్యునల్ ఇచ్చిన తీర్పు నచ్చకపోతే ప్రభుత్వం మూడు నెలల్లోగా దాన్ని మార్చొచ్చు, రద్దు చేయొచ్చు. ఓడిన కక్షిదారే తీర్పు కొట్టేయగలగడం అన్నమాట. పి. సాంబమూర్తి కేసులో సుప్రీంకోర్టు ఆ షరతును చెల్లదని తీసేసింది. తర్వాత 1985 కేంద్ర చట్టం కింద కొత్త ట్రైబ్యునల్ నడిచింది. తెలంగాణ 2016లో దాన్ని వద్దనుకుంది, కొన్నేళ్లకు ఆంధ్రప్రదేశూ అదే దారి పట్టింది. అటెండర్ సీనియారిటీ కేసు కూడా ఇప్పుడు హైకోర్టు రిట్టే. లాయరు ఫీజు సంగతి వేరే చెప్పక్కర్లేదు.

ప్రశ్న: సమ్మె హక్కు ఉందా?

రూల్సు ప్రకారం లేదు. 2003లో తమిళనాడు ప్రభుత్వం లక్షన్నరకు పైగా ఉద్యోగులను తీసేసినప్పుడు, రంగరాజన్ కేసులో సుప్రీంకోర్టు కూడా సమ్మె హక్కు లేదనే అంది. అయినా 2011లో 42 రోజుల సకల జనుల సమ్మె, 2013లో రెండు నెలలకు పైగా సమైక్యాంధ్ర సమ్మె జరిగాయి. జనం వెనక ఉన్నప్పుడు రూలు పుస్తకం బీరువాలోనే ఉంటుంది.

ప్రశ్న: నేను ఉద్యోగిని కాదు. ఒక ఉద్యోగి మీద ఫిర్యాదు ఉంది. జీఏడీకి రాయాలా?

రాస్తే అది తిరిగి సంబంధిత శాఖకే వెళ్తుంది, నెలలు పోతాయి. ఆ ఉద్యోగి పై అధికారికి రాయండి, దాని నకలు కలెక్టరేట్‌కు. సోమవారం కలెక్టరేట్‌లో ఇచ్చి రసీదు తీసుకోండి. తెలంగాణలో దాన్ని ప్రజావాణి అంటారు. లంచం అడిగితే మాత్రం కాగితాలు వద్దు, డబ్బు ఇవ్వకముందే అవినీతి నిరోధక శాఖకు ఫోన్ చేయండి. తెలంగాణలో నంబరు 1064. ఇచ్చేశాక చెబితే పట్టుకోవడం కష్టం. ఫిర్యాదులో ఉద్యోగి పేరు, హోదా, ఆఫీసు, తేదీ రాయండి. "అందరూ ఇంతే" అని రాసిన పేజీలు ఎవరూ చదవరు.